సొంత బోర్డుపై ఫ్రీఆర్‌టాస్ ఎక్కించే ముందు జాగ్రత్తలు

కొని తెచ్చిన డెవలప్‌మెంట్ బోర్డుపై చక్కగా నడిచిన ఫ్రీఆర్‌టాస్ (చిన్న చిప్‌లపై పలు పనులను, అంటే టాస్కులను, సమయానికి నడిపే ఆపరేటింగ్ సిస్టమ్), అదే ఎస్‌టీఎం32ఎఫ్407 చిప్‌తో మనం డిజైన్ చేసుకున్న బోర్డుపై మొరాయిస్తే, తప్పు కెర్నల్‌లో, అంటే ఆ సిస్టమ్ మూల భాగంలో, ఉండే అవకాశం చాలా తక్కువ. కాబట్టి కెర్నల్‌ను జోడించక ముందే, ఎల్‌ఈడీని వెలిగించి ఆర్పే చిన్న ప్రోగ్రాంతో బోర్డును విడిగా పరీక్షించాలి.

ముందుగా చిప్‌కు క్లాక్ ఇచ్చే క్రిస్టల్ విలువ సరిచూడాలి. కోడ్ 8 మెగాహెర్ట్జ్ అనుకుంటుండగా బోర్డుపై 12 అతికించి ఉంటే, 168కి లెక్కగట్టిన పీఎల్‌ఎల్ (క్రిస్టల్ వేగాన్ని పెంచి చిప్‌కు ఇచ్చే సర్క్యూట్) 252 మెగాహెర్ట్జ్ కోసం ప్రయత్నిస్తుంది. అది చిప్ పరిమితికి చాలా ఎక్కువ. టిక్‌కు (కెర్నల్ కాలాన్ని లెక్కించే క్రమబద్ధ ఇంటరప్టుకు) ఒకసారి ఒక పిన్‌ను మార్చి ఆసిలోస్కోప్‌లో కొలిస్తే అనుమానం తీరుతుంది. 3.3 వోల్టుల వద్ద 168 మెగాహెర్ట్జ్‌కు ఫ్లాష్‌కు 5 వెయిట్ స్టేట్లు (చదివేటప్పుడు అదనంగా ఆగే క్లాక్ సైకిళ్లు) తప్పనిసరి. డీబగ్ పిన్లయిన పీఏ13, పీఏ14లను వేరే పనికి వాడకూడదు. బయటి వాచ్‌డాగ్ చిప్ (ప్రోగ్రాం స్పందించకపోతే బోర్డును రీసెట్ చేసేది) ఉంటే, దాన్ని ఆపడానికి జంపర్ పెట్టించుకోవాలి. లేకుంటే బ్రేక్‌పాయింట్ దగ్గర ఆగిన ప్రతిసారీ బోర్డు రీసెట్ అవుతుంది.

అసలు ప్రమాదం ఇంటరప్టుల (నడుస్తున్న పనిని ఆపి హార్డ్‌వేర్ చేసే పిలుపుల) ప్రయారిటీలలో ఉంది. టాస్కులకు పెద్ద అంకె ఎక్కువ ప్రాధాన్యం కాగా, ఈ చిప్‌లోని కార్టెక్స్-ఎం ప్రాసెసర్ ఇంటరప్టులకు సున్నాయే అత్యున్నతం. పైగా రీసెట్ తర్వాత అమర్చదగిన ఇంటరప్టులన్నీ సున్నాతోనే మొదలవుతాయి. యూఆర్ట్ (సీరియల్ పోర్టు) ఇంటరప్టును ఎనేబుల్ చేసి ప్రయారిటీ ఇవ్వడం మరిచిపోతే, కెర్నల్ తన క్రిటికల్ సెక్షన్‌లో (అంతరాయం కలగకూడని కోడ్ భాగంలో) కూడా దాన్ని ఆపలేకపోతుంది. ఆ ఇంటరప్టులోంచి క్యూలోకి (టాస్కులకు డేటా అందించే కెర్నల్ వరుసలోకి) డేటా పంపితే కెర్నల్ జాబితాలు ఎప్పుడో ఒకప్పుడు చెడిపోతాయి, అదీ గంటల తరబడి బాగా నడిచాక. ఈ చిప్ ప్రయారిటీకి పై 4 బిట్లనే వాడుతుంది గనుక, కెర్నల్ ఫంక్షన్లను పిలవగల ఇంటరప్టుల ప్రయారిటీ హద్దు 5 అనుకుంటే కాన్ఫిగ్ ఫైలులో 80 అని రాయాలి. ప్రయారిటీ అమర్చే సీఎంసిస్ (ఆర్మ్ ప్రామాణిక లైబ్రరీ) ఫంక్షన్‌కు మాత్రం 5 అనే ఇవ్వాలి, ఎందుకంటే బిట్లను జరిపే పని అది తానే చేస్తుంది. ఈ రెండింటినీ తారుమారు చేయడం అనుభవజ్ఞులకూ మామూలే. కాన్ఫిగ్ అసర్ట్‌ను (తప్పు కనిపిస్తే ప్రోగ్రాంను అక్కడే ఆపే తనిఖీని) మొదటి రోజునే నిర్వచించుకుంటే ఇలాంటి పొరపాట్లలో చాలావరకు అక్కడే పట్టుబడతాయి.

స్టాక్ (టాస్కు తాత్కాలిక విలువలు దాచుకునే మెమరీ) పరిమాణాన్ని ఈ చిప్‌కు మలిచిన ఫ్రీఆర్‌టాస్‌లో బైట్లలో కాక, 4 బైట్ల వర్డ్‌లలో ఇస్తారు. 128 అంటే 512 బైట్లు. ప్రింట్‌ఎఫ్ పిలిచే టాస్కుకు అది చాలకపోవచ్చు. స్టాక్ ఓవర్‌ఫ్లో తనిఖీని కాన్ఫిగ్ ఫైలులో 2వ పద్ధతిలో పెట్టి, ఒక్కో టాస్కుకు కనిష్ఠంగా ఎంత స్టాక్ మిగిలిందో బోర్డుపై పూర్తి లోడు ఉన్నప్పుడే చూసుకోవాలి.