చిన్న విమానం ఇంజిన్ నేర్చుకుందాం - 7వ పాఠం: ముసురు రోజున కార్బురేటర్‌లో మంచు

ముందు పోయినసారి ప్రశ్నకు జవాబు: ఇంజిన్ పేరులోని అక్షరాలు, అంకె ఏం చెబుతాయి? ఓ-320, ఐఓ-360 అనే లైకమింగ్ కంపెనీ ఇంజిన్ పేర్లలో అంకె ఇంజిన్ ఘనపరిమాణం (బైకుకు సీసీ లాంటిది), సుమారుగా ఘనపు అంగుళాల్లో. ‘ఓ’ అంటే సిలిండర్లు ఎదురెదురుగా పడుకుని ఉంటాయని. దాని ముందు ‘ఐ’ ఉంటే ఇంజెక్షన్ (పెట్రోల్‌ను సిలిండర్ల దగ్గరే చిమ్మే పద్ధతి), లేకపోతే కార్బురేటర్ (గాలిలో పెట్రోల్ కలిపి సిలిండర్లకు పంపే భాగం). మామూలు సెస్నా 172 విమానం కూడా 1986 దాకా కార్బురేటర్‌తోనే వచ్చింది. పదేళ్లు ఆగి 1996లో మళ్లీ తయారీ మొదలైనప్పుడు ఇంజెక్షన్‌కు మారింది.

ఇక ఈ వారం విషయం. తిరుపతిలో మంచు అంటే ఎవరైనా నవ్వుతారు. నేనూ నవ్వాను. తర్వాత కొర్లగుంటలో ఒక బండ్ల షెడ్‌లో పాత బైకు కార్బురేటర్ విప్పి, జెట్‌లు పెట్రోల్‌లో కడుగుతున్నప్పుడు విషయం చేతికే తెలిసింది. మే నెల ఎండ, షెడ్ పైన రేకులు, ఒళ్లంతా చెమట. వేళ్లు మాత్రం జివ్వుమంటున్నాయి. మేస్త్రి చూసి, "ఏం సామీ, పెట్రోలు ఆరిపోతా చలి పుట్టిస్తా ఉందా?" అన్నాడు. ఈ పాఠంలో సగం ఆ మాటలోనే ఉంది. ద్రవం ఆవిరి కావాలంటే వేడి కావాలి, దాన్ని పక్కనున్న వాటి నుంచి లాగేసుకుంటుంది.

కార్బురేటర్ లోపల జరిగేదీ అదే. గాలి వెంచురీ అనే ఇరుకు గొంతులోంచి దూసుకుపోతుంది. అక్కడ ఒత్తిడి తగ్గి, ఫ్లోట్ బౌల్ అనే చిన్న గిన్నెలోని పెట్రోల్ జెట్ అనే సన్న రంధ్రం గుండా పైకి వచ్చి, తుంపర్లుగా చెదిరి ఆవిరవుతుంది. ఒత్తిడి తగ్గడం, పెట్రోల్ ఆవిరవడం, ఈ రెండూ కలిసి గాలిని 30 డిగ్రీలకు పైగా చల్లార్చగలవు. బయట 25 డిగ్రీలున్నా లోపల సున్నా దాటి కిందికి పోతుందన్నమాట. గాలిలో తేమ ఉంటే అది థ్రాటిల్ రేకు (గాలి దారిని తెరిచి మూసే పలక) చుట్టూ మంచుగా పేరుకుని, గొంతు పూడుకుపోతుంది.

అందుకే నాకు భయం మే నెల ఎండ కాదు, నవంబరు ముసురు. బయట పాతిక డిగ్రీలు, గాలి నిండా తడి. దిగడానికి థ్రాటిల్ తగ్గించామంటే రేకు దాదాపు మూసుకుని, ఆ సందు ఇంకా ఇరుకవుతుంది. ప్రమాదం ఎక్కువ అప్పుడే. బయట 38 డిగ్రీలున్నా, తేమ 50 శాతమే ఉన్నా ఇది జరగవచ్చని శిక్షణ పుస్తకాల్లో ఉంటుంది.

ఎలా పసిగట్టాలి? ప్రొపెల్లర్ రెక్కల కోణం మారని విమానంలో మొదటి గుర్తు ఆర్పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) పడిపోవడం. అదీ ఒక్కసారిగా కాదు, మెల్లగా. థ్రాటిల్ కదిలిందేమో అనుకుని మనం కాస్త ముందుకు తోస్తాం, మంచు పెరుగుతూనే ఉంటుంది. రెక్కల కోణం మారే విమానంలో ఆర్పీఎం నిలకడగానే ఉంటుంది, మానిఫోల్డ్ ప్రెషర్ (సిలిండర్లకు వెళ్లే గొట్టంలోని గాలి ఒత్తిడి) పడిపోతుంది.

మందు కార్బ్ హీట్ అనే మీట. లాగితే సైలెన్సర్ చుట్టూ వేడెక్కిన గాలి కార్బురేటర్‌లోకి వస్తుంది. వేడి గాలి పలచన కాబట్టి ఆర్పీఎం ఇంకాస్త తగ్గుతుంది. మంచు లేకపోతే అక్కడే ఆగుతుంది. ఉంటే మాత్రం కరిగిన నీళ్లు సిలిండర్లలోకి పోయి ఇంజిన్ గడగడలాడుతుంది. కొత్తవాళ్లు టెన్షన్ పడి మీట వెనక్కి తోసేసేది సరిగ్గా ఇక్కడే! తోయకండి. ఆ గడబిడ మందు పనిచేస్తోందనడానికి గుర్తు. కాసేపటికి ఆర్పీఎం పైకి లేస్తుంది. సగం లాగడం కూడా వద్దు, లాగితే పూర్తిగా లాగాలి.

ఇంజెక్షన్‌లో ఈ గొడవ లేదు. పెట్రోల్‌ను ఒక్కో సిలిండర్ దగ్గర, ఇన్‌టేక్ వాల్వ్‌కు కాస్త ముందు చిమ్ముతారు. అక్కడ వేడి ఉంటుంది, మంచుకు చోటు లేదు. సిలిండర్లన్నిటికీ పెట్రోల్ దాదాపు సమానంగా అందుతుంది కూడా. అయితే 2020లో బీఎస్-6 వచ్చాక మన బైకుల్లో చూస్తున్న ఎఫ్ఐతో దీన్ని పోల్చకండి. ఐఓ-360లో ఉండేది కంప్యూటర్ లేని మెకానికల్ పద్ధతి, మిక్స్చర్ మీట (గాలిలో కలిసే పెట్రోల్ పాళ్లు మార్చేది) పైలట్ చేతిలోనే ఉంటుంది.

దీనికీ ఒక తలనొప్పి ఉంది. ఎండలో దిగి, టీ తాగి వచ్చేసరికి ఇంజిన్ పైనున్న సన్నటి గొట్టాల్లో పెట్రోల్ ఉడికి ఆవిరవుతుంది. ఇక స్టార్టర్ తిరుగుతుంది గానీ ఇంజిన్ అందుకోదు. రేణిగుంట ఎండ తెలిసినవాడిగా చెబుతున్నా, మంచు కంటే మనకు ఎక్కువసార్లు ఎదురయ్యేది ఇదే. ఆ హాట్ స్టార్ట్ సంగతి వచ్చే వారం.

ఈలోపు ఇది రాసి పెట్టుకోండి. కార్బురేటర్ విమానం, నవంబరు, ఒకే ఎత్తులో పోతున్నారు. థ్రాటిల్ కదపకుండానే 2,300 ఉన్న ఆర్పీఎం 2,150కి వచ్చింది. కార్బ్ హీట్ లాగారు, 2,050 అయింది, ఇంజిన్ గడగడలాడింది. కాసేపటికి 2,200. ఇప్పుడు మీట లోపలికి తోస్తే ఆర్పీఎం ఎంత చుట్టుపక్కలకు రావాలి? ఎందుకు?