పాత కంప్యూటర్ బోర్డుకి వైఫై పెట్టే ముందు
చెన్నై రిచీ స్ట్రీట్‌లో ఈఎస్పీ8266 అనే చిన్న వైఫై మాడ్యూల్ కొనుక్కొచ్చి నేరుగా మీ జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ (1980ల నాటి హోమ్ కంప్యూటర్) క్లోన్ బోర్డుకి వైర్లు కలిపేయకండి, ముందు ఇవి చూసుకోండి.

అన్నిటికంటే ముఖ్యం వోల్టేజి. 1982 నాటి ఆ డిజైన్‌లో లాజిక్ 5 వోల్టులు, మాడ్యూల్‌ది 3.3. మధ్యలో ఒక వోల్టేజి సిగ్నల్‌ని ఇంకోదానికి మార్చే లెవెల్ షిఫ్టర్ ఉండాల్సిందే. "నేరుగా కలిపినా పనిచేస్తుంది" అని ఎవరైనా చెప్తే నమ్మొద్దు, అంత కష్టపడి సోల్డర్ చేసుకున్న బోర్డు అది.

పవర్ కూడా విడిగా 3.3 వోల్టుల రెగ్యులేటర్ నుంచి ఇవ్వండి, ఎందుకంటే సిగ్నల్ పంపే క్షణంలో మాడ్యూల్ 300 మిల్లీఆంప్స్ దాకా లాగుతుంది, అప్పుడు వోల్టేజి పడిపోతే అది మాటిమాటికీ రీసెట్ అవుతుంది, మీరేమో ప్రోగ్రాంలో తప్పు వెతుకుతూ టెన్షన్ పడతారు. మాడ్యూల్ పక్కనే ఒక కెపాసిటర్ పెడితే ఇంకా మంచిది.

బోర్డు అంచున ఉండే ఎడ్జ్ కనెక్టర్‌లో ఏది పెట్టినా, తీసినా ముందు పవర్ ఆఫ్ చేయాలి.

రూటర్‌లో 2.4 గిగాహెర్ట్జ్ ఆన్‌లో ఉండాలి, 5 గిగాహెర్ట్జ్ దీనికి కనిపించదు. చాలా మాడ్యూళ్లు 115200 బాడ్ (సీరియల్‌లో డేటా పంపే వేగం)తో వస్తాయి. సీరియల్ పనంతా బోర్డులోని 3.5 మెగాహెర్ట్జ్ జెడ్80 ప్రాసెసర్ మీదే పడితే ఆ వేగం అందుకోవడం కష్టం, 9600కి తగ్గించుకోండి.

పాత సాఫ్ట్‌వేర్‌లో ఎన్‌క్రిప్షన్ ఉండదు కాబట్టి గెస్ట్ నెట్‌వర్క్‌కే కలపండి, బ్యాంకు, మెయిల్ పాస్‌వర్డులు అందులో టైప్ చేయొద్దు.