వానాకాలంలో లారీల దగ్గరికే వెళ్లి కడిగేవారు తీసుకోవలసిన జాగ్రత్తలు

జూన్‌లో నైరుతి రుతుపవనాలు రాగానే, 16వ నంబరు జాతీయ రహదారి వెంట దాబాల ముందు ఆగే లారీలు చట్రాల దాకా బురద పట్టి ఉంటాయి. మినీ ట్రక్కులో నీళ్ల ట్యాంకు, ప్రెషర్ పంపు, జెనరేటర్ పెట్టుకొని తిరిగేవారికి గిరాకీ పెరిగేదీ, ప్రాణానికి ముప్పు పెరిగేదీ ఈ రోజుల్లోనే. అందుకే తొలి వాన పడకముందే పరికరాలన్నీ ఒకసారి సరిచూసుకోవాలి.

అన్నిటికన్నా ముందు చూడవలసింది కరెంటు. తడి నేల మీద తడి చేతులతో పనిచేసే మనిషికి ఎక్కడో పొర ఊడిన ఒక్క తీగ చాలు. 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే సరఫరాను ఆపేసే ట్రిప్పర్ బిగించుకొని, దాని టెస్ట్ బటన్‌ను రోజూ నొక్కి చూడాలి. అయితే ఎర్తింగ్ సరిగా కలపని జెనరేటర్ మీద ఆ ట్రిప్పర్ ఉన్నా పనిచేయకపోవచ్చు కనుక, ఈ పనిని తెలిసిన ఎలక్ట్రీషియన్ చేతనే చేయించాలి. వాన పడుతోందని జెనరేటర్‌ను టార్పాలిన్ కింద మూసి నడపకూడదు. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, మనిషి తేరుకునే లోపే స్పృహ తప్పిస్తుంది. పైన కరెంటు తీగలున్న చోట లారీ బాడీ ఎక్కి, నీళ్లు చిమ్మే ప్రెషర్ గన్ను పట్టుకోవద్దు.

గన్ను సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది దానిని ఉత్త నీళ్లేనని తేలికగా తీసుకుంటారు. పీడనం వంద బార్లు (బార్ అంటే పీడనానికి కొలత) దాటిన నీటి ధార చర్మాన్ని చీల్చుకొని లోపలికి దూరగలదు. పైకి సూది గుచ్చినంత గాటే కనిపించినా, నీటితో పాటు మురికి, గ్రీజు కండరాల మధ్యకు చేరి వేలినో చేతినో తీసేయవలసిన స్థితి రావచ్చు. అలాంటి గాయం నొప్పి లేకపోయినా కట్టు కట్టి వదిలేయకుండా, వెంటనే శస్త్రచికిత్స సౌకర్యం ఉన్న ఆసుపత్రికి వెళ్లి, ప్రెషర్ గన్ను తగిలిందని డాక్టరుకు స్పష్టంగా చెప్పాలి. పని ముగిశాక బురద కాళ్లను ఆ గన్నుతోనే కడుక్కోవడం, ట్రిగ్గరును తాడుతో కట్టేయడం అనే రెండు అలవాట్లనూ కుర్రాళ్ల చేత మాన్పించి తీరాలి.

అల్యూమినియం డీజిల్ ట్యాంకులను మెరిపించే యాసిడ్లలో కొన్నింటిలో హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం ఉంటుంది. అది ఒంటి మీద పడితే మంట కొన్ని గంటల తరవాత గానీ తెలియకపోవచ్చు, ఈలోగా ఎముక దాకా దిగుతుంది. లేబుల్ లేని డబ్బాను ఎంత చవకగా ఇచ్చినా కొనవద్దు.

వెయ్యి లీటర్ల నీళ్లంటే టన్ను బరువు. బండి మోయగలిగిన బరువు ఎంతో చూసుకోవాలి. సగం నిండిన ట్యాంకుతో మలుపు తిరిగేటప్పుడు నీళ్లు ఒక పక్కకు ఊగి బండిని లాగేస్తాయి కనుక వేగం తగ్గించాలి.

రోడ్డు అంచున కాక గట్టి నేల మీద లారీని ఆపించి, చక్రాలకు చెక్క దిమ్మలు అడ్డం పెట్టి, తాళం చెవి తీసుకున్నాకే కిందికి దూరాలి. పైకెత్తిన టిప్పర్ తొట్టి కిందికి మాత్రం ఎవరు చెప్పినా వెళ్లవద్దు. ఆయిలు కలిసిన నీళ్లను చెరువులోకో పంట కాలువలోకో వదలడం ఊరికి చేసే ద్రోహం.

కడగడం పూర్తయ్యాక బ్రేకు డ్రమ్ములు తడిగా ఉండి సరిగా పట్టవు. నెమ్మదిగా నడుపుతూ నాలుగైదు సార్లు బ్రేకు తొక్కి, పట్టు వచ్చిందని నిర్ధారించుకున్నాకే హైవే ఎక్కమని డ్రైవరుకు చెప్పి తాళం చెవి ఇవ్వండి.