బ్యాటరీతో నడిచే రెసిప్రొకేటింగ్ సా: కొనే ముందు కోసి చూడండి

బెంగళూరులో పాత ఇళ్లు కూల్చే పనికి ఈ రంపం కొనేవాళ్లు ముందుగా వోల్టులే అడుగుతారు. అది చాలదు. బ్లేడు ముందుకూ వెనక్కూ కదిలే దూరం చూడండి: 28 నుంచి 32 మి.మీ. ఉండాలి. తక్కువైతే పొట్టు కోతలోనే ఇరుక్కుని బ్లేడు వేడెక్కుతుంది. 18 వోల్టుల, 5 ఆంపియర్-అవర్ బ్యాటరీ ఇచ్చేది 90 వాట్-అవర్ల శక్తి. రోజంతా పనికి కనీసం రెండు ఉండాలి. బ్యాటరీ తగిలించాకే తూకం వేయించండి. నాలుగు కిలోలు దాటితే తలపైకెత్తి కోయడం నరకం.

అసలు సంగతి కోతలో తేలుతుంది. పనిముట్ల దుకాణాలుండే ఎస్పీ రోడ్డుకు వెళ్లేటప్పుడు మేకులున్న పాత ద్వారబంధం ముక్క, 12 మి.మీ. కడ్డీ, జీఐ పైపు ముక్క వెంట తీసుకెళ్లండి. చెక్కకు అంగుళానికి 6 పళ్ల బైమెటల్ (రెండు లోహాలు కలిపి చేసిన) బ్లేడు, కడ్డీకి 14, పైపుకు 18. పైపు పలచని అంచు మీద పెద్ద పళ్లు చిక్కుకుని విరుగుతాయి. ఇనుము కోసేటప్పుడు ట్రిగర్ సగమే నొక్కాలి, ఆర్బిటల్ మీట (బ్లేడును కాస్త పైకీ కిందకీ కూడా ఊపేది) ఉంటే ఆపేయాలి. వేగం ఎక్కువైతే పళ్లు కాలి మొద్దుబారతాయి.

ముందున్న ఇనుప పాదాన్ని వస్తువుకు గట్టిగా ఆనించండి. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు: పాదం గాల్లో ఉంటే కుదుపంతా మోచేతికొస్తుంది, బ్లేడు వంగిపోతుంది, మంచి యంత్రానికి చెడ్డపేరు వస్తుంది.

ట్రిగర్ వదలగానే బ్లేడు ఆగాలి. తర్వాత బ్యాటరీ తీసేసి, చేతి తొడుగులతోనే బ్లేడు మార్చి చూడండి. సిమెంటు దుమ్ము పట్టాక బిగుసుకుపోయేది బ్లేడును బిగించే ఆ పట్టే.