బెంగళూరులో భోగ్యానికి ఇల్లు: డబ్బు కట్టే ముందు వేయవలసిన లెక్క, చూడవలసిన కాగితాలు

కె.ఆర్.పురం, మారతహళ్లి, యలహంక వైపు సందుల్లో గేట్లకు వేలాడే అట్టముక్కల మీద రెండు రకాల రాతలు కనిపిస్తాయి: 'మనె బాడిగెగె ఇదె', 'మనె భోగ్యక్కె ఇదె'. బాడిగ అన్న మాట రాయలసీమ నుంచి వచ్చిన వారికి కొత్తది కాదు. భోగ్యం అంటే యజమానికి ఒకేసారి కొన్ని లక్షలు ఇచ్చి, నెలనెలా బాడిగ లేకుండా రెండు మూడేళ్లు ఉండి, ఖాళీ చేసేటప్పుడు ఆ మొత్తాన్ని వడ్డీ లేకుండా వెనక్కి తీసుకోవడం. ఇక్కడి తెలుగువాళ్లు దీన్నే లీజు అంటారు. మేస్త్రీ పని, ఇళ్లలో పని, తోపుడుబండి వ్యాపారం చేసుకునే కుటుంబాలు ఒకటో తేదీ గుండెదడ తప్పుతుందని దీనికి మొగ్గు చూపుతాయి. చేతిలో సొంత డబ్బు ఉంటే అది మంచి బేరమే కావచ్చు. అప్పు తెచ్చి కట్టదలిస్తే మాత్రం ముందు కాగితం, పెన్ను తీసుకుని కూర్చోవాలి.

యజమాని 5 లక్షల లీజు అడుగుతున్నాడని, అదే ఇంటిని బాడిగకు తీసుకుంటే నెలకు 8,000 రూపాయలు, అడ్వాన్సు 50,000 అని అనుకుందాం. అడ్వాన్సు ఎలాగూ ఇవ్వక తప్పదు కాబట్టి దాన్ని తీసేస్తే అదనంగా పెట్టేది నాలుగున్నర లక్షలు, అంటే 4,500 వందలు. 8,000ను 4,500తో భాగిస్తే దాదాపు 1.78 వస్తుంది. మీ డబ్బుకు యజమాని నూటికి నెలకు రూపాయి డెబ్బై ఎనిమిది పైసల వడ్డీ ఇస్తున్నాడన్నమాట. మీరు తెచ్చే అప్పు అంతకంటే చౌకగా దొరికితేనే లాభం. ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే నాలుగున్నర లక్షలకు నెలకు 9,000 వడ్డీకే పోతుంది. 8,000 బాడిగ తప్పించుకోవడానికి 9,000 కడుతూ పోవడమే తప్ప అసలులో ఒక్క రూపాయి కూడా తగ్గదు.

'ఏడాదికి 12 శాతమే' అని చెప్పే ఫ్లాట్ వడ్డీ అప్పుల విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. లక్ష రూపాయలకు రెండేళ్ల వడ్డీ 24,000 కలిపి 24 వాయిదాలు చేస్తే నెలకు సుమారు 5,167 కట్టాలి. అసలు నెలనెలా తగ్గుతున్నా వడ్డీ మాత్రం మొదటి లక్ష మీదే వేస్తారు కాబట్టి, నిజంగా పడేది 21 శాతం పైచిలుకు, అంటే నూటికి రూపాయి ఎనభై పైసలు. పైన చెప్పిన ఇంటికి ఈ అప్పు కూడా గిట్టదు. బ్యాంకులో బంగారం తాకట్టు పెట్టి తెచ్చేది సాధారణంగా నూటికి రూపాయి లోపే పడుతుంది కనుక, నగలు ఉన్నవారు ముందు ఆ దారి చూడాలి.

గ్రూపు లోన్లతో లీజు కట్టడం నా దృష్టిలో తప్పు. వారం వారం కట్టవలసిన వాయిదాకు వానాకాలంలో పని ఆగిందన్న సంగతి పట్టదు. 2022 ఏప్రిల్ నుంచి అమలులో ఉన్న రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం, ఏటా 3 లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబానికి తాకట్టు లేకుండా ఇచ్చే అప్పుల్లో, అన్ని అప్పుల వాయిదాలూ కలిపి నెల ఆదాయంలో సగం దాటకూడదు. ఆ హద్దు దాటుతుందని పక్కింటావిడ పేరు మీద తీసుకోమని ఎవరైనా సలహా ఇస్తే ఒప్పుకోకండి. ఇప్పటికే అప్పు ఉన్నవారికి మరో మాట: వసూలుకు ఉదయం 9 గంటలకు ముందూ, సాయంత్రం 6 తరువాతా రాకూడదు. సంస్థకు ఫిర్యాదు చేసిన 30 రోజుల్లో జవాబు రాకపోతే, ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు అధికారిని, అంటే అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. వివరాలకు 14448కు ఫోన్ చేయాలి.

లెక్క కుదిరితే ఇక కాగితాలు. మా చిన్నాన్న లీజుకు దిగినప్పుడు ఇంటి యజమాని ప్లాస్టిక్ కవరులో ఉన్న క్రయపత్రం కలర్ జిరాక్సు చూపించాడు. అది చూసి తృప్తిపడి, 100 రూపాయల స్టాంపు కాగితం మీద పదకొండు నెలల ఒప్పందం రాయించుకుని 4 లక్షలు ఇచ్చాడు. ఎనిమిదో నెలలో గేటుకు బ్యాంకు నోటీసు అంటించారు. అసలు పత్రం అంతకు ముందు నుంచీ బ్యాంకు బీరువాలో ఉంది. 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద, బాకీ పడిన ఇంటిని బ్యాంకు సివిల్ దావా వేయకుండానే స్వాధీనం చేసుకోవచ్చు. రిజిస్టరు కాని ఒప్పందం దాని ముందు నిలవడం కష్టం.

కాబట్టి జిరాక్సుతో సరిపెట్టుకోకుండా అసలు పత్రం చూపమని అడగాలి. కర్ణాటక రిజిస్ట్రేషన్ శాఖ వారి కావేరి పోర్టల్‌లో గానీ సబ్-రిజిస్ట్రారు కార్యాలయంలో గానీ కనీసం పదిహేనేళ్లకు ఈసీ, అంటే ఆ ఆస్తి మీద రిజిస్టరైన అమ్మకాలు, తాకట్లు చూపే ధ్రువపత్రం తీయించాలి. పత్రాలు అప్పగించి తెచ్చిన బ్యాంకు అప్పు ఒక్కోసారి ఈసీలో కనిపించదు కాబట్టే అసలు పత్రం కోసం పట్టుబట్టాలి. ఈ-ఖాతాలోనూ (ఆస్తి ఎవరి పేరున ఉందో చూపే పురపాలక రికార్డు), కరెంటు బిల్లులోనూ ఉన్న పేరు మీతో మాట్లాడుతున్న మనిషిదేనా అని చూడాలి. నగరంలో మధ్యవర్తుల మోసం ఒకటి నడుస్తోంది: యజమాని దగ్గర ఇంటిని బాడిగకు తీసుకుని, అదే ఇంటిని మనకు లీజుకిచ్చి లక్షలు దండుకుని, కొన్నాళ్లకు యజమానికి బాడిగ ఎగ్గొట్టి మాయమవుతారు. యజమాని స్వయంగా వచ్చి సంతకం చేయని లీజు వద్దు.

పత్రంలో దీన్ని ఒట్టి అద్దె ఒప్పందంగా కాక, స్వాధీనంతో కూడిన తాకట్టుగా, అంటే భోగ్యపత్రంగా రాయించుకోవడం మేలు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం అటువంటి పత్రానికి ఇద్దరు సాక్షులు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి. రిజిస్టరైతే అది ఈసీలోకి ఎక్కుతుంది, ఆ తరువాత ఆ ఇంటి మీద ఎవరు అప్పిచ్చినా మీ హక్కు తెలిసే ఇచ్చినట్టవుతుంది. స్టాంపు డ్యూటీ ఎంతో ముందే కనుక్కుని ఎవరు భరించాలో తేల్చుకోండి. ఆ ఖర్చుకు భయపడి యజమానులు రిజిస్ట్రేషన్ లేకుండా 'పదకొండు నెలలకు రాసుకుందాం' అంటారు, ఒప్పుకోకండి. డబ్బు చెక్కు ద్వారా గానీ బ్యాంకు బదిలీ ద్వారా గానీ ఇవ్వాలి.

ఖాళీ చేసే గడువు, నోటీసు నెలలు, డబ్బు ఆలస్యమైతే ఇవ్వవలసిన వడ్డీ అన్నీ పత్రంలో ఉండాలి. 'కొత్తవాళ్లు రాగానే ఇస్తాను' అన్న మాటను నమ్మి సామాను దించకండి. డబ్బు మీ ఖాతాలో పడిన రోజునే, సబ్-రిజిస్ట్రారు కార్యాలయంలో భోగ్య విడుదల పత్రం మీద సంతకం చేసి, అక్కడే తాళాలు చేతికివ్వండి.