డేటోనా 500 మీద పందెం కాసే ముందు పాత విజేతల జాబితాను ఎలా చదవాలి?

2025 ఫిబ్రవరి 16, ఆదివారం రాత్రి. అమెరికాలో ఫ్లోరిడాలో ఏటా జరిగే నాస్కార్ కార్ల రేసు డేటోనా 500, దాని చివరి ల్యాప్ (ట్రాక్ చుట్టూ ఆఖరి చుట్టు). షార్లెట్‌లో మా ఇంట్లో టీవీ ముందు కూర్చోలేక లేచి నిలబడ్డాను. నా పది డాలర్ల పందెం డ్రైవర్ డెన్నీ హామ్లిన్ మీద ఉంది, అతనే ముందున్నాడు. అంతలో అతని కారూ కోల్ కస్టర్ కారూ రాసుకున్నాయి, వెనక వస్తున్నవి చెల్లాచెదురయ్యాయి. ఆ ల్యాప్ మొదట్లో తొమ్మిదో స్థానంలో ఉన్న విలియం బైరన్ గోడ పక్క లేన్‌లోంచి దూసుకొచ్చి గెలిచేశాడు.

నోటికాడి కూడు జారిపోయినట్టయింది. పది డాలర్లు పోయినందుకు కాదు. హామ్లిన్‌ను ఎంచుకోవడానికి నా దగ్గర ఉన్న కారణం ఒక్కటే: 2016, 2019, 2020లలో అతను ఈ రేసు గెలిచాడు. పాత విజేతల జాబితా తెరిచి, ఎక్కువసార్లు కనిపించిన పేరు తీసుకున్నాను. ఆ జాబితా చెప్పేది అది కాదని తర్వాత తీరిగ్గా కూర్చుని చూస్తే తెలిసింది.

1. ముందు మీరున్న చోట చట్టం చూసుకోండి

ఇండియాలో ఉండి చదువుతున్నవాళ్లకు ఇది రేసును అర్థం చేసుకోవడానికి మాత్రమే. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ పందేలను నిషేధించాయి. 2025లో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధించింది. విదేశీ యాప్ అని ఎవరైనా లింకు పంపినా తెరవకండి.

అమెరికాలో 2018 సుప్రీంకోర్టు తీర్పు తర్వాత ఇది ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం తేల్చుకునే విషయమైంది. మా నార్త్ కరోలినాలో ఫోన్‌లో పందెం కాయడం 2024 మార్చి 11 నుంచి మొదలైంది, 21 ఏళ్లు నిండాలి. షార్లెట్ నుంచి అరగంట కూడా పట్టదు, సరిహద్దు దాటి సౌత్ కరోలినాలోని ఫోర్ట్ మిల్‌లో అడుగుపెడితే అదే యాప్ పందెం తీసుకోదు. అక్కడ అనుమతి లేదు, యాప్ మీరెక్కడున్నారో కనిపెడుతుంది. డేటోనా ట్రాక్ ఉన్న ఫ్లోరిడాలో సెమినోల్ తెగ నడిపే యాప్ ఒక్కదానికే అనుమతి ఉంది. గెలిచిన డబ్బు ఎంత చిన్నదైనా పన్ను లెక్కలో చూపాల్సిందే.

2. రేసు ఎలా నడుస్తుందో తెలుసుకోండి

డేటోనా ట్రాక్ చుట్టూ 2.5 మైళ్లు. 200 ల్యాప్‌లు తిరిగితే 500 మైళ్లు. మలుపుల్లో రోడ్డు 31 డిగ్రీల వాలు, కాలినడకన ఎక్కాలంటే చేతులు ఆనించాల్సినంత. దాదాపు 40 కార్లు పోటీ పడతాయి. షెవర్లే, ఫోర్డ్, టయోటా, మూడే కంపెనీలు.

1987లో అలబామాలోని టల్లడెగా ట్రాక్‌లో డ్రైవర్ బాబీ అలిసన్ కారు గాల్లోకి లేచి ప్రేక్షకుల ముందున్న కంచెను చీల్చింది. దాంతో మరుసటి ఏడు నుంచి డేటోనా, టల్లడెగా అనే ఈ రెండు పెద్ద ట్రాక్‌లలో ఇంజిన్‌కు వెళ్లే గాలిని తగ్గించే పలక బిగించారు. 2019 డేటోనా 500 తర్వాత పలక పోయి వేరే భాగం వచ్చింది కానీ, చేసే పని అదే. అందరి ఇంజిన్ల బలం దాదాపు ఒకటే అయిపోయింది. ఇక ఒంటరిగా పోయేవాడు వెనకబడతాడు, ముందు కారు చీల్చిన గాలిలో దాని వెనకే అంటిపెట్టుకుని పోయేవాడు వేగం పుంజుకుంటాడు. దీన్నే డ్రాఫ్టింగ్ అంటారు. అందుకే కార్లన్నీ బంపర్‌కు బంపర్ తగిలేటట్టు గుంపుగా తిరుగుతాయి. అందులో ఒకడు కాస్త తడబడితే పది, పదిహేను కార్లు ఒక్కసారిగా పోతాయి. అక్కడివాళ్లు దానికి పెట్టుకున్న పేరు ‘బిగ్ వన్’. మీరు పందెం కాసిన డ్రైవర్ ఏ తప్పూ చేయకుండానే ఇంటికి పోవచ్చు.

3. ఆడ్స్‌ను శాతంగా మార్చండి

ఆడ్స్ అంటే పందెం మీద యాప్ ఇచ్చే రేటు. +1200 అంటే 100 డాలర్లు పెడితే 1200 లాభం. శాతం కావాలంటే 100ను 1300తో భాగించండి, 7.7 వస్తుంది. అంటే ఈ డ్రైవర్ గెలిచే అవకాశం నూటికి ఏడెనిమిది పాళ్లు అన్నట్టుగా రేటు కట్టారన్నమాట. –115 అంటే 100 గెలవడానికి 115 పెట్టాలి, ఇది నూటికి 53.5.

ఇప్పుడు ఒక్కసారి కాగితం తీసుకుని ఈ ఊహాత్మక లెక్క వేయండి. పదిమందికి +1200, పదిమందికి +2500, మిగతా ఇరవై మందికి +10000 ఇచ్చారనుకుందాం. మొదటి పదిమందివి కలిపి 77, తర్వాతి పదిమందివి 38.5, చివరివాళ్లవి దాదాపు 20. మొత్తం 135. గెలిచేది ఒక్కడే కాబట్టి 100 ఉండాలి. పైన ఉన్న 35 పందెం కంపెనీ వాటా. ఎవరు గెలిచినా మీకు 100 వచ్చేట్టు అందరి మీదా పంచి కాయాలంటే జేబులోంచి 135 పెట్టాలి. ఈ లెక్క చేత్తో వేసిన రోజు నుంచి ‘ఎవరు గెలుస్తారు’ అన్న పందెంలో నేను పెట్టే డబ్బు సగానికి తగ్గింది.

4. పాత విజేతల జాబితాను ముక్కలుగా కోయండి

అసలు పని ఇక్కడే. 1959 నుంచి ఉన్న జాబితాను ఒకే జాబితాగా చదవకండి. రిచర్డ్ పెటీ ఏడుసార్లు గెలిచాడు, కేల్ యార్‌బరో నాలుగుసార్లు. అవన్నీ 1988కి ముందువి, అంటే పైన చెప్పిన పలక రాకముందువి. ఆ రోజుల్లో బలమైన ఇంజిన్ ఉన్నవాడు మిగతావాళ్లను వదిలేసి వెళ్లగలిగేవాడు. అప్పుడూ అదృష్టం లేకపోలేదు: 1979లో ముందున్న ఇద్దరు చివరి ల్యాప్‌లో ఢీకొంటే, అరల్యాప్ వెనకున్న పెటీ గెలిచాడు. 1988 నుంచి 2021 దాకా రెండో ముక్క. 2022లో కొత్త మోడల్ కారు వచ్చింది కాబట్టి అక్కణ్ణుంచి మూడోది.

ఇప్పుడు 2001 నుంచి 2025 వరకు పేర్లు లెక్కపెట్టండి. 25 రేసులు, 18 మంది విజేతలు. హామ్లిన్‌వి మూడు. రెండేసి గెలిచినవాళ్లు అయిదుగురు: మైకేల్ వాల్‌ట్రిప్, డేల్ ఎర్న్‌హార్ట్ జూనియర్, జిమ్మీ జాన్సన్, మ్యాట్ కెన్సెత్, బైరన్. మిగతా పన్నెండు మందీ ఒక్కొక్కసారే. వాళ్లలో 2011లో గెలిచిన ట్రెవర్ బేన్ వయసు 20 ఏళ్ల ఒక రోజు, నాస్కార్ అగ్రస్థాయిలో అతనికి అది రెండో రేసు. 2018లో ఆస్టిన్ డిలన్, 2021లో మైకేల్ మెక్‌డొవెల్ రేసు మొత్తంలో ముందున్నది చివరి ల్యాప్‌లోనే. మెక్‌డొవెల్‌కు అది 358వ రేసు, మొదటి గెలుపు.

ఇంకో వరుస చూడండి. పోల్ పొజిషన్, అంటే మొదటి స్థానం నుంచి మొదలుపెట్టి గెలిచినవాళ్లలో 2000లో డేల్ జారెట్ తర్వాత 2025 దాకా ఒక్కరూ లేరు. ఎవరు ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో తేల్చే క్వాలిఫయింగ్‌లో కారు ఒంటరిగా తిరుగుతుంది, రేసులో గుంపులో తిరుగుతుంది. రెండూ వేర్వేరు పనులు. పోల్ వచ్చిందని రేటు తగ్గిన డ్రైవర్‌ను నేను వదిలేస్తాను.

జాబితాలో లేనివాళ్లూ చాలా చెబుతారు. టోనీ స్టూవర్ట్, మార్క్ మార్టిన్, రస్టీ వాలెస్ ఈ రేసు గెలవకుండానే రిటైరయ్యారు. ఏడుసార్లు ఛాంపియన్ అయిన పెద్ద డేల్ ఎర్న్‌హార్ట్ (జూనియర్ తండ్రి) 1990లో చివరి ల్యాప్ దాకా ముందుండి, టైరు కోసుకుపోయి ఓడాడు. ఆయన గెలిచింది 1998లో, ఇరవయ్యో ప్రయత్నంలో. ఆ రోజు అన్ని జట్ల మెకానిక్‌లూ, రేసు మధ్యలో కార్లు ఆగే పిట్ రోడ్డు పొడవునా వరుసగా నిలబడి, నెమ్మదిగా పోతున్న ఆ నల్ల కారు కిటికీలోంచి చెయ్యి అందుకుని అభినందించారు. నేను ఎన్నిసార్లు చూసినా కళ్లు చెమర్చే దృశ్యం. పందెం కాసేవాళ్లు మాత్రం దాని ముందున్న పందొమ్మిది ఏళ్లు చూడాలి.

అన్ని ట్రాక్‌లూ ఇలా ఉండవు. మైలులో సగం పొడవుండే మార్టిన్స్‌విల్‌లో పెటీ 15 సార్లు, జెఫ్ గోర్డన్, జిమ్మీ జాన్సన్ తొమ్మిదేసి సార్లు గెలిచారు. మెలికల రోడ్డు ట్రాక్‌లలో న్యూజిలాండ్ డ్రైవర్ షేన్ వాన్ గిస్‌బర్గన్ ఒక్క 2025లోనే అయిదు గెలిచాడు. అక్కడ పాత విజేతల పేర్లకు బరువుంది. డేటోనాలో గెలిచిన పేరు చూసి మార్టిన్స్‌విల్‌లో గానీ, అక్కడి పేరు చూసి ఇక్కడ గానీ డబ్బు పెట్టకండి.

5. పందెం రకం ఎంచుకోండి

విజేత ఎవరన్నది ఒక్కటే పందెం కాదు. మొదటి 3, 5, 10 స్థానాల్లో ఉంటాడా అని కాయవచ్చు. 2025లో ఆ ఏడు కొన్ని రేసులే ఆడిన జిమ్మీ జాన్సన్ 49 ఏళ్ల వయసులో మూడో స్థానంలో వచ్చాడు. ఇద్దరిలో ఎవరు ముందు అన్న పందెం ఇంకొకటి. ఇద్దరికీ –115 ఉంటే పందెం కంపెనీ వాటా ఏడు పాళ్లే, పైన చూసిన 35తో పోల్చుకోండి. డేటోనాలో నేను ఎక్కువగా వెళ్లేది దీనికే. ఒక్క జాగ్రత్త: డ్రైవర్ రేసు మొదలుపెట్టకపోతే డబ్బు వెనక్కి ఇస్తారా, ఇద్దరూ ఒకే ప్రమాదంలో పోతే ఎలా తేలుస్తారు అన్నది యాప్‌లోని నిబంధనల్లో ముందే చదవండి.

6. గురువారం దాకా ఆగండి

ముందు వరుస ఇద్దరూ బుధవారం క్వాలిఫయింగ్‌లో తేలతారు. మిగతా వరుసలు గురువారం రాత్రి జరిగే రెండు చిన్న రేసులు, ‘డ్యూయల్స్’లో తేలతాయి. గుంపులో ఎవరి కారు కుదురుగా ఉంది, ఒకే కంపెనీ కార్లు ఒకరినొకరు తోసుకుంటున్నాయా అన్నది అక్కడే కనిపిస్తుంది. అక్కడ కారు పగిలి వేరే కారుకు మారినవాళ్లు వెనక నుంచి మొదలుపెట్టాలి. ఇవన్నీ చూశాక కనీసం రెండు యాప్‌లలో రేట్లు పోల్చండి. ఒకే డ్రైవర్‌కు ఒకచోట +2000, ఇంకోచోట +2500 కనిపించడం మామూలే.

7. డబ్బు హద్దు ముందే రాసిపెట్టండి

పోయినా ఇంట్లో ఎవరికీ తెలియాల్సినంత లోటు రాని మొత్తం ఎంతో అది. నాకు ఈ రేసుకు 20 డాలర్లు, నాలుగు పందేలు. రేసు నడుస్తుండగా కాసే లైవ్ పందేలకు నేను దూరం. బిగ్ వన్ అయిన నిమిషంలో టెన్షన్‌లో వేలు నొక్కేది ఎప్పుడూ పెద్ద అంకెనే. పోయింది రాబట్టుకోవాలని మళ్లీ మళ్లీ కాయాలనిపిస్తుంటే, ఇంట్లో దాచాలనిపిస్తుంటే, అమెరికాలో 1-800-426-2537కు ఫోన్ చేయండి. ఏ వేళైనా పలుకుతారు.

8. ఫలితం అధికారికం అయ్యేదాకా ఆగండి

ఓవర్‌టైమ్, అంటే చివర్లో ప్రమాదం జరిగితే కలిపే అదనపు ల్యాప్‌లు వస్తే రేసు 200 ల్యాప్‌లతో ఆగదు. 2023లో రికీ స్టెన్‌హౌస్ గెలిచింది 212వ ల్యాప్‌లో. రేసయ్యాక తనిఖీలో కారు నిబంధనలకు విరుద్ధంగా తేలితే గెలుపు పోవచ్చు కూడా. 1959లో మొదటి డేటోనా 500లో ముందు జానీ బోషాంప్‌ను విజేతగా ప్రకటించారు. ఫోటోలు, సినిమా రీళ్లు తెప్పించుకుని చూసి, మూడు రోజులకు గెలిచింది లీ పెటీ అని తేల్చారు. కాగితం టికెట్ మీద కాసి ఉంటే ఆ రాత్రే చింపి పారేయకండి.