పాఠం కంటే ముందు శాసనం చేతికివ్వండి

కాకతీయుల పాఠం మొదలుపెట్టే ముందు, 1244-45లో గణపతిదేవుడు మోటుపల్లి రేవులో సముద్ర వర్తకులకు భరోసా ఇస్తూ వేయించిన అభయ శాసనంలోంచి నాలుగు మాటలు వాడుక తెలుగులో రాసి పిల్లలకివ్వండి. తుఫానుకు ఓడలు పగిలి ఒడ్డుకు కొట్టుకొస్తే పాత రాజులు సరుకంతా లాక్కునేవారట. తాను మాత్రం నిర్ణయించిన సుంకం తప్ప ఏమీ తీసుకోనని రాజు మాటిస్తాడు. రాజు పేరు, తేదీ అప్పుడే చెప్పొద్దు. "ఇది ఎవరు, ఎవరి కోసం, ఎందుకు రాయించారు?" అని అడిగి ఊరుకోండి. ఆ ఊరుకోవడమే కష్టం, మన టీచర్లకి నోరాగదు! మా క్లాసులో ఒకమ్మాయి "పాత రాజులు లాక్కున్నారని ఈయన చెప్తే నమ్మేయాలా సార్?" అంది. ఇక ఆ పీరియడంతా వాళ్లదే. పుస్తకం మర్నాడు తెరిచాం.